నాంచారయ్య బరువు

ఒక అబద్ధం చెప్పి పదమూడేళ్ళయింది. చెప్పి వదిలేస్తే పోయేదేమో, ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. అది నన్ను వదల్లేదు. కంచం ముందు కూర్చున్నప్పుడు, ఎవరైనా "ఇంకొంచెం వడ్డించుకోండి" అన్నప్పుడు, లావుపాటి మనిషి ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చోవడం చూసినప్పుడు, గుండె మీద రాయి పెట్టినట్టు ఉంటుంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యమే నాకున్నది.

సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. హత్య కాదు, దొంగతనం కాదు. ఒక లారీ ఒక పక్కకి ఒరగడం. నవ్వండి. అప్పట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరిని చూసి నవ్వామో ఆ మనిషి మా అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ రోజు అతను ఏడ్చి ఉంటే, కనీసం కోప్పడి ఉంటే, నేను నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణనే అనుకోవాలని ఉంటుంది. నమ్మకం మాత్రం లేదు.

నేను కమాన్ మేస్త్రిని. లారీ చక్రాలకీ బాడీకీ మధ్య ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన కట్ట ఉంటుంది. బండి బరువంతా మోసేది అదే. దాన్నే కమాన్ కట్ట అంటాం. పట్టీ విరిగితే మార్చడం, కుంగితే మళ్ళీ వంపు తేవడం, బండి ఎత్తు పెంచమంటే అదనంగా పట్టీ వేసి లేపడం నా పని. బెజవాడలో ఒక ముసలి మేస్త్రి దగ్గర పదేళ్ళు నేర్చుకుని, గుడివాడ వచ్చి కాలవ గట్టు పక్కన సొంతంగా షెడ్డు వేసుకున్నాను. తొంభైల్లో మాట. చుట్టూ వరి చేలు ఒక్కొక్కటే చేపల చెరువులుగా మారుతున్న రోజులు. చెరువు తవ్విన ప్రతి ఆసామికీ ఒక లారీ, లారీ ఉన్న ప్రతివాడికీ నాతో పని.

ఆ షెడ్డులో నాకు అన్నిటికంటే గర్వం దాని గచ్చు. ఒక వేసవంతా మా ఆవిడా నేనూ కంకర మోసుకుని, సిమెంటు కలుపుకుని పోసిన గచ్చు. మిగతా షెడ్లలో మెకానిక్కులు నల్లమట్టిలో పొర్లుతూ పని చేస్తుంటే, నా దగ్గర తెల్ల చొక్కాతో పడుకున్నా మరక అంటదు. పోసిన కొత్తలో వచ్చిన ప్రతివాడికీ దాని మీద గోళీ పెట్టి చూపించేవాణ్ణి. ఎటూ దొర్లేది కాదు. తర్వాత మళ్ళీ ఎప్పుడూ పెట్టి చూడలేదు. మా నల్లమట్టి సంగతి తెలియనివాణ్ణి కాదు. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది, కాలవ వైపు మెల్లగా జారుతుంది. పెద్ద పెద్ద మేడలకే గోడలు పగులుతాయి. నా గచ్చు మాత్రం కుంగదని ఎందుకనుకున్నాను? నేను పోశాను కాబట్టి. అంతకంటే వేరే కారణం లేదు.

ఇక నాంచారయ్య. అతనిది దివిసీమ, కోడూరు అవతల ఒక పల్లె. చేపల చెరువుల ఆసామి రంగారావు గారి దగ్గర డ్రైవరు. ఐసు ఫ్యాక్టరీ నుంచి చెరువుకి ఐసు, చెరువు నుంచి ప్యాకింగ్ షెడ్డుకి చేపలు తోలేవాడు. లారీ తలుపు తీస్తే ముందు ఒక కాలు దిగేది, తర్వాత పొట్ట, ఆ తర్వాత తీరిగ్గా మిగతా మనిషి. దిగుతూనే నవ్వు. మొదటి రోజే నన్ను "బావా" అన్నాడు, నేనూ బావా అన్నాను. చుట్టరికం ఏమీ లేదు. మా ఆవిడకి మాత్రం ఆ రోజు నుంచి అన్నయ్య అయిపోయాడు.

మా ఇల్లు షెడ్డు వెనకే. వారానికి రెండు మూడుసార్లు మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే చేసేవాడు. అతను తినడం మీరు చూసి ఉండాల్సింది. పప్పుతో ఒక గుట్ట, గోంగూరతో ఒక గుట్ట, చేపల పులుసుతో రెండు. మధ్యలో పచ్చిమిరపకాయ కొరికి కళ్ళు మూసుకునేవాడు. తింటున్నంతసేపూ మాట్లాడడు. చివర పెరుగన్నం అయ్యాక కంచంలో చెయ్యి కడుక్కుని "చెల్లెమ్మా, ఇవాళ్టికి బతికానమ్మా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం మా ఆవిడ పొద్దున్నే బజారుకి పరిగెత్తేది. నేను తిన్నప్పుడు ఆవిడ మొహంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు. కొంచెం కుళ్ళుకునేవాణ్ణి కూడా. కానీ అతను రాని రోజు అన్నం నాకే సయించేది కాదు.

ఆ లారీ రంగారావు గారిదే అయినా అందరూ నాంచారయ్య బండి అనేవాళ్ళు. దాన్ని అతను "అమ్మాయ్" అని పిలిచేవాడు. గేరు వేసేముందు "పద అమ్మాయ్" అనాలి. గతుకులో పడితే "దెబ్బ తగిలిందా అమ్మాయ్" అని నిజంగానే అడిగేవాడు. ఇంట్లో ఇద్దరు కూతుళ్ళున్నారు. ఇది మూడోదని చెప్పుకునేవాడు.

ఒక ఏడాది వానలకి ముందు రంగారావు గారు బండి రెండంగుళాలు లేపమన్నారు. చెరువు గట్ల మీద చక్రాల గాళ్ళు లోతుగా పడి కింద ఇరుసు మట్టికి రాసుకుంటోంది. ముందూ వెనకా, రెండు పక్కలా ఒక్కో పట్టీ అదనంగా వేసి బిగించాను. జాకీలు దించి వెనక్కొచ్చి నిలబడి చూశాను. నా షెడ్డులో అటు స్తంభానికీ ఇటు స్తంభానికీ అడ్డంగా ఒక దారం కట్టి ఉండేది. బండి వెనక చెక్క ఆ దారంతో సమంగా ఉందా లేదా అని కంటితో చూసుకునేవాణ్ణి. ఎడమ పక్క, అంటే కాలవ పక్క, రెండంగుళాలు కిందికి ఉంది. పాత కమాను కుంగిందనుకున్నాను. ఎడమ పక్క ముందూ వెనకా ఇంకో పట్టీ వేశాను. దారంతో సమానంగా వచ్చింది. మీసం దువ్వుకున్నాను.

మా ముసలి మేస్త్రి నాకు మొదటి రోజే చెప్పిన మాట ఒకటుంది. "బండి ఎత్తు బండి మీదే కొలవాలిరా. చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టు. షెడ్డుని నమ్మొద్దు." ఆ పని చేయడానికి రెండు నిమిషాలు పట్టదు. చేయలేదు. నా కన్ను మీద, నా దారం మీద, నా గచ్చు మీద నాకంత నమ్మకం.

నాలుగు రోజులకి బండి తిరిగొచ్చింది. రోడ్డు మీద కుడి పక్కకి, అంటే డ్రైవరు వైపుకి ఒరుగుతోందన్నారు. షెడ్డులో పెట్టి చూస్తే దారంతో సమానంగా ఉంది. టైర్లలో గాలి చూశాను. బోల్టులన్నీ విప్పి బిగించాను. బుష్షులు తీసి చూశాను. ఏ పక్క పట్టీ అయినా లోపల విరిగిందేమోనని సుత్తితో ఒక్కొక్కటే కొట్టి శబ్దం విన్నాను. అన్నీ బాగున్నాయి. టేపు మాత్రం తీయలేదు. కళ్ళెదుట సమానంగా కనిపిస్తున్నదాన్ని కొలవడం దేనికి?

రంగారావు గారు నాంచారయ్యని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన కోపిష్టి కాదు, కానీ పని తేలకపోతే ఊరుకోరు.

"ఏంటయ్యా మేస్త్రీ, నీ షెడ్లో నిటారుగా ఉంటది. రోడ్డెక్కితే ఇతని వైపుకి ఒరుగుద్ది. ఏం మాయ ఇది?"

"నా షెడ్లో లేనిదీ రోడ్డు మీద ఉండేదీ ఒకటే కదండీ" అన్నాను. అని, స్టూలు మీద కూర్చున్న నాంచారయ్య వైపు చూశాను.

"అంటే నేనా బావా?"

"నువ్వే మరి. పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నావేంటి?"

"పదహారు" అన్నాడు. "చట్నీ లెక్కెయ్యలేదు."

అందరం పడీ పడీ నవ్వాం. ఒట్టు, ఆ రోజు అది అబద్ధమని నాకు తెలియదు. సగం వేళాకోళం, సగం నిజమే అయ్యుంటుందన్న అనుమానం. టన్నుల కొద్దీ ఐసు మోసే బండికి ఒక మనిషి ఎంత? ఈ ప్రశ్న నాకు తట్టలేదు, రంగారావు గారికీ తట్టలేదు. లావు మనిషి మీద మాట వేస్తే ఎవరూ ఎదురు అడగరు. అతన్ని చూడగానే సగం నమ్మేసి ఉంటారు. ఆ మర్నాడు ప్యాకింగ్ షెడ్డులో అతన్ని చేపలు తూచే కాటా ఎక్కించారు. నూట పద్దెనిమిది కిలోలు. "ఐసేసి చేపలతో పాటు హౌరా మార్కెట్టుకి పంపిచ్చెయ్యండి, మంచి రేటొస్తది" అన్నాడట కాటా మీద నిలబడే. అతనే వచ్చి మా ఆవిడకి చెప్పి కడుపు పట్టుకుని నవ్వాడు.

వారం తిరక్కముందే పెద్ద వాన కురిసింది. మధ్యాహ్నం తెరిపి ఇచ్చాక షెడ్డులోకి వెళ్ళాను. జల్లుకి కొట్టిన నీళ్ళన్నీ కాలవ పక్కన, సరిగ్గా బండి ఎడమ చక్రాలు నిలబడే చోట, మడుగు కట్టి ఉన్నాయి. కుడి పక్క పొడిగా ఉంది. టేపు తెచ్చాను. దారం నుంచి గచ్చు దాకా కుడి పక్క కొలిచాను, ఎడమ పక్క కొలిచాను. ఎడమ పక్క రెండంగుళాలు లోతు. స్తంభాలు లోతుగా పాతినవి, దిగలేదు. గచ్చు దిగింది. నేను సరిచేసింది బండి వంకర కాదు, నా గచ్చు వంకర. నా గచ్చు మీద సమానంగా నిలబడాలని చక్కటి బండికి ఎడమ పక్క ఎత్తు చేశాను. చదునైన రోడ్డు మీదికి వెళితే అది కుడి పక్కకి ఒరగక ఏం చేస్తుంది?

మా ఆవిడ వచ్చి "నీళ్ళు అటే చేరాయేంటి?" అంది. "జల్లు అటు కొట్టిందిలే" అన్నాను. మొదటి అబద్ధం అదీ. చీపురు తీసుకుని నేనే ఊడ్చేశాను, ఆవిడ ఇంకోసారి చూడకుండా.

అప్పుడే చెప్పెయ్యొచ్చు కదా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. రంగారావు గారు కొట్టరు, తిట్టరు. "పోనీలేవయ్యా, సరిచెయ్యి" అనేవారు. కానీ ఆ మాట ఊరంతా పాకుతుంది. గోళీ పెట్టి చూపించిన మేస్త్రి గచ్చే కుంగిందట, అది తెలియక బండి వంకర చేశాడట. పక్క షెడ్ల వాళ్ళు ఎలా నవ్వుతారో నా చెవుల్లో వినిపించింది. నన్ను చూసి నవ్వడం నేను భరించలేను. నాంచారయ్యని చూసి నవ్వితే అతను కూడా కలిసి నవ్వుతాడు. ఇంత నీచమైన లెక్క మనసులో వేసుకున్నానని రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ వేసుకున్నాను.

మూడో రోజున రంగారావు గారు మళ్ళీ వచ్చారు. నాంచారయ్య కూడా ఉన్నాడు. ఆయన సూటిగా అడిగారు.

"నిన్న చెరువు దగ్గర ఇతను దిగాక చూశానయ్యా. దిగినా బండి ఒరిగే ఉంది. మరి బరువంటావేంటి?"

తెలివైన ప్రశ్న. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. నాంచారయ్య నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో ఆశ ఉంది. తను కారణం కాదని నేను చెబుతానేమోనన్న ఆశ. అంత నవ్వినవాడికి లోపల అంత దిగులుందని నాకు ఆ క్షణం తెలిసింది. తెలిసి కూడా అన్నాను:

"ఉక్కు కదండీ. రోజంతా ఒకే పక్క బరువు పడితే అటే కూర్చుంటది. దిగ్గానే లేవదు. ఇక్కడ పూటంతా నిలబెడతాం కాబట్టి మళ్ళీ తన చోటుకొస్తది."

అలాంటిదేమీ ఉండదు. ఉక్కు అలా చేయదు. నేర్చుకున్న పనిని అడ్డం పెట్టుకుని నోటికొచ్చింది చెప్పాను.

"మేస్త్రి చెప్పాడంటే అంతేనండి" అన్నాడు నాంచారయ్య, ఆయనతో. నా తరఫున అతనే సాక్ష్యం చెప్పాడు.

రంగారావు గారికి చెరువు గట్లు గుర్తొచ్చాయి. చెరువు గట్టు వెడల్పు బండి వెడల్పంత. కుడి పక్కకి ఒరిగితే చెరువులోకే. ఆయన భయం న్యాయమైనదే. "నెల రోజులు చూస్తా నాంచారయ్యా. ఒళ్ళు తగ్గించు. లేకపోతే బండికి వేరేవాణ్ణి చూసుకోవాలి. ఏమీ అనుకోకు" అన్నారు. అతను తలూపాడు. నవ్వలేదు.

ఆ రోజు నుంచి తిండి మానేశాడు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం మజ్జిగ. మా ఇంటికి వస్తే మా ఆవిడ బలవంతంగా కూర్చోబెట్టేది. ఒక గరిటె అన్నం పెట్టగానే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. "చాలమ్మా, అమ్మాయి మోయలేకపోతోంది" అనేవాడు. ఆవిడ వంటింట్లోకి వచ్చి నా మీద విరుచుకుపడేది. "నువ్వే ఏదో అన్నావట. ఏమిటా మాటలు, అన్నం తినే మనిషిని పట్టుకుని?" నేను తల దించుకుని పులుసు కలుపుకునేవాణ్ణి. పక్కన అతను మజ్జిగ తాగుతుంటే నేను పులుసన్నం తిన్నాను. రోజూ తిన్నాను. అది కూడా ఒప్పుకోవాలి.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే కష్టం. ప్రతి సోమవారం బండి తెచ్చి షెడ్డు ముందు తారు రోడ్డు మీద ఆపేవాడు. సీట్లో అలాగే కూర్చుని, అద్దంలోంచి తల బయటికి పెట్టి "చూడు బావా, ఏమన్నా తగ్గిందా?" అని అడిగేవాడు. నేను కర్ర తీసుకుని కిందికి వంగి, నేల నుంచి మడ్‌గార్డు దాకా అటు పక్కా ఇటు పక్కా కొలిచేవాణ్ణి. అవే రెండంగుళాలు. వెంట్రుకవాసి తేడా రాదు, ఎలా వస్తుంది? పైకి లేచి అతని మొహం చూస్తే ఆ మాట నోట రాలేదు. "పావంగుళం లేచింది బావా" అన్నాను మొదటి వారం. అతని కళ్ళు మెరిశాయి. డ్యాష్‌బోర్డు మీద చేత్తో తట్టి "విన్నావా అమ్మాయ్" అన్నాడు. రెండో వారం ఇంకో పావంగుళం అన్నాను. జాలితో అన్నాననుకున్నాను. కాదు. ఏమీ తగ్గలేదని చెప్పి ఉంటే, ఇది మన వల్ల కాదులే అని మళ్ళీ అన్నం ముందు కూర్చునేవాడు. తగ్గిందన్నాను కాబట్టే ఆ మజ్జిగ కూడా సగం చేశాడు. మూడో వారానికి చొక్కా వదులైంది. దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆగేవాడు, కళ్ళు తిరిగేవేమో.

నాలుగో వారం రంగారావు గారు స్వయంగా వచ్చి చెరువు దగ్గర కొలిపించారు. కొలిచింది నేను కాదు. రెండంగుళాలు. పదిహేను కిలోలు తగ్గినా బండి రవ్వంత లేవలేదు. ఆ లెక్క చూసైనా ఆయనకి అనుమానం రావాల్సింది. రాలేదు. "తగ్గాల్సింది ఇంకా ఉందిలే" అన్నారట. నేను లేచిందన్న అరంగుళం ఏమైందని నాంచారయ్యా అడగలేదు. బండికి సన్నటి కుర్రవాణ్ణి పెట్టుకున్నారు. నాంచారయ్యని పూర్తిగా తీసెయ్యలేదు. మంచి మనిషి ఆయన. చెరువులో చేపలకి మేత వేసే పని ఇచ్చారు.

కొత్త డ్రైవరు మొదటి రోజే గ్రీజు పెట్టించడానికి బండి తెచ్చాడు. నాకు భయం పట్టుకుంది. చేయి తిరగనివాడు, ఒరిగిన బండి, సన్న గట్టు. ఏమైనా అయితే? అతన్ని టీ తాగి రమ్మని పంపి, ఎడమ పక్క అదనంగా వేసిన పట్టీలు తీసేశాను. ఈసారి టేపు పెట్టి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు దాకా, నాలుగు మూలలా కొలిచాను. గంట పట్టింది. ఒక్క గంట.

ఆ గంట పని నెల ముందు ఎందుకు చేయలేదు? ఎవరికీ చెప్పకుండా, ఏ బుష్షో మార్చానని ఏదో ఒకటి అని, నాంచారయ్య సీట్లో ఉండగానే ఎందుకు చేయలేదు? బండి నిటారుగా అయ్యేది, అతని సీటు అతనికి ఉండేది, నా గచ్చు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఇన్నేళ్ళుగా నన్ను కొరికేది ఇదే. నాకు ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. అతని బరువని గట్టిగా చెప్పినవాణ్ణి, అతను ఉండగానే బండి లేస్తే నా మాట తప్పవుతుంది. మేస్త్రిగా నా మాట నిలబడాలి. అంతే. ఒక మనిషి ఆకలికంటే నా మాట నాకు ఎక్కువైంది.

బండి రోడ్డెక్కగానే నిటారుగా నిలబడింది. సన్నటివాడు ఎక్కాడు, బండి సరయింది. ఇంకేం రుజువు కావాలి? మర్నాడు నేను చెరువు దగ్గరికి వెళితే రంగారావు గారు గట్టు మీదే నా భుజం తట్టి "నువ్వు చెప్పిందే నిజమయ్యా" అన్నారు. మేత పడవ కట్టేసి నాంచారయ్య గట్టెక్కి వచ్చాడు. చుట్టూ తిరిగి బండిని చూశాడు. వంగి ఈ పక్కా చూశాడు, ఆ పక్కా చూశాడు. మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టాడు.

"నిజమే బావా" అన్నాడు. "పాపం, ఇన్నాళ్ళూ నన్ను మోస్తా ఎంత నలిగిపోయిందో అమ్మాయి. నాకు తెలీనే లేదు."

నన్ను చూసి నవ్వాడు కూడా. చెల్లెమ్మని అడిగానని చెప్పమన్నాడు. నేను స్కూటరెక్కి గుడివాడ వచ్చేదాకా ఆ చెయ్యి పెట్టిన తీరే కళ్ళ ముందుంది. అతను నిజంగానే ఆ బండికి క్షమాపణ చెప్పుకున్నాడు. నేను చేసిన తప్పుకి.

ఆ తర్వాత అతను ఏ బండీ తోలలేదు. ఎవరైనా పిలిచినా "వద్దండీ, నాతో బళ్ళు ఒరుగుతాయి" అనేవాడు. మేత పడవలో సరిగ్గా మధ్యలో కూర్చునేవాడు. బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చోడు, నడవలో నిలబడతాడు. ఒకసారి బందరులో నా స్కూటరు వెనక ఎక్కమంటే ఎక్కలేదు, ఎండలో నడిచి వస్తానన్నాడు. తర్వాత కొన్నేళ్ళకి దివిసీమ వెళ్ళిపోయాడు. నేను గచ్చు పగలగొట్టి మళ్ళీ పోయించాను. దారం తీసేశాను. టేపు లేకుండా ఒక్క బండి దించలేదు. మేస్త్రి కొలతంటే కొలతే అని నాకు పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా చెంప మీద కొట్టినట్టుండేది.

పోయిన నెల దివిసీమలో ఒక పెళ్ళికి వెళ్ళి, మర్నాడు పొద్దున మా ఆవిడా నేనూ వాళ్ళ పల్లెకి వెళ్ళాం. చెప్పెయ్యాలనే వెళ్ళాను. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. నాంచారయ్య గుర్తుపట్టలేనంత సన్నబడ్డాడు. నవ్వు మాత్రం అదే. మా ఆవిడ అతన్ని చూసి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళావిడ చేపల పులుసు వండింది. అందరికీ కొసరి కొసరి వడ్డించి, అతని కంచంలో ఒక్క గరిటె పెట్టింది. ఆ కొలత ఆవిడకి అలవాటైపోయింది.

అన్నాలయ్యాక ఇద్దరు మనవలు వచ్చి ఒళ్ళో చేరారు. లారీ కథ చెప్పమన్నారు. చెప్పాడు. పదహారు ఇడ్లీలు, చేపల కాటా, హౌరా. తను కూర్చుంటే ఇంత లారీ ఇలా ఒరిగిపోయేదని పిల్లలకి చెయ్యి వంచి చూపించాడు. వాళ్ళు కిందా మీదా పడి నవ్వారు. ఎన్నిసార్లు చెప్పాడో ఆ కథ, ఎక్కడ ఆగాలో కూడా అతనికి తెలుసు. అతని బతుకులో అందరికీ చెప్పుకునే కథ అదొక్కటే. చిన్నవాడికి అనుమానం వచ్చింది. లారీ ఎక్కడన్నా మనిషికి ఒరుగుతుందా తాతా అన్నాడు. పదమూడేళ్ళలో ఆ ప్రశ్న వేసినవాడు వాడొక్కడే.

"కావాలంటే ఈ తాతనడుగు" అన్నాడు నాంచారయ్య. "కొలిచింది ఈయనే. చెప్పు బావా."

అందరూ నా వైపు చూశారు. కూర్చుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. నిజం చెబితే అతని కథ పోతుంది, మనవల ముందు నవ్వు పోతుంది, ఇన్నేళ్ళూ ఊరికే పస్తులున్నానని అతనికి తెలుస్తుంది. ఈ వయసులో ఆ సంగతి తెలిసి ఏం చేసుకుంటాడు? అతని మంచికే కదా చెప్పకపోవడం? ఇలా అనుకున్నాను. అనుకుంటూనే ఇది సాకని కూడా తెలుసు. ఆ రోజు షెడ్డులోనూ ఏదో ఒకటి ఇలాగే అనుకున్నాను.

"అవున్రా" అన్నాను పిల్లాడితో. "రెండంగుళాలు."

మా ఆవిడ నన్నొకసారి చూసింది. ఏం గ్రహించిందో తెలియదు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది, నేనూ అడగలేదు.

ఇంటికొచ్చినప్పటి నుంచి ఇది రాస్తున్నాను. కొట్టేస్తున్నాను, మళ్ళీ రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. పస్తున్నది మీరు కాదు. అతన్ని అడిగే ధైర్యం నాకు ఇంకా రాలేదు. వస్తుందని మాట కూడా ఇవ్వలేను. అతనికి చదువు రాదు, ఈ కాగితం అతని చేతికి వెళ్ళినా ఎవరో చదివి వినిపించాలి. కానీ ఒక్క వాక్యం ఎక్కడో ఒకచోట నిజంగా ఉండాలనిపించింది. నోటితో ఎవరి ముందూ అనలేకపోయిన వాక్యం. ఈసారి కొట్టెయ్యకుండా రాస్తున్నాను.

నాంచారయ్య బరువుకి ఏ బండీ ఎప్పుడూ ఒరగలేదు.